రెండు పేర్లు, ఒక కుర్చీ: ఈఆర్‌సీ సేవపై ఒక గృహ వినియోగదారుని సమీక్ష

తెలంగాణ విద్యుత్ నియంత్రణ మండలిని, అంటే పత్రికలన్నీ ఈఆర్‌సీ అని రాసే సంస్థను, ఒక సేవగా పరిగణించి సమీక్షించడం కొందరికి వింతగా తోచవచ్చు. కరెంటు ఇచ్చేది డిస్కం, అంటే విద్యుత్ పంపిణీ సంస్థ, బిల్లు తీసేది డిస్కం సిబ్బంది, తీగ తెగితే వచ్చేది లైన్‌మన్. అయితే వీరిలో ఎవరికీ లేని అధికారం, యూనిట్ ధర ఎంత ఉండాలో తేల్చే అధికారం, ఈ మండలికి ఉంది. దాని నిర్వహణకు డిస్కంలు కట్టే లైసెన్సు రుసుములు కూడా చివరకు మన బిల్లులోకే వచ్చి చేరుతాయి. డబ్బు మనది అయినప్పుడు అందుతున్న సేవ ఎలా ఉందో చెప్పే హక్కు కూడా మనదే గనుక, హైదరాబాద్‌లో ఇల్లు నడుపుతున్న ఒక మామూలు గృహ వినియోగదారుని దృష్టితో దీనిని రాస్తున్నాను. కోతలు, కొత్త కనెక్షన్లు, ట్రాన్స్‌ఫార్మర్ల వంటి డిస్కం సేవలు ఈ సమీక్షలోకి రావు.

ఈ సేవ మన జేబును ఎక్కడ తాకుతుందో ముందు చూద్దాం. 2022 మార్చిలో మండలి ఇచ్చిన ఉత్తర్వుతో గృహ వినియోగదారుల ధరలు యూనిట్‌కు 50 పైసల చొప్పున పెరిగి ఇప్పటి రూపానికి వచ్చాయి. నెలకు 100 యూనిట్ల లోపు వాడే ఇంటికి తొలి 50 యూనిట్లకు 1.95 రూపాయలు, తర్వాతి 50 యూనిట్లకు 3.10 రూపాయలు పడుతుంది. 200 లోపు వాడే ఇంటికి తొలి 100 యూనిట్లకు 3.40 రూపాయలు, తర్వాతి 100 యూనిట్లకు 4.80 రూపాయలు. 200 దాటితే మాత్రం మొదటి యూనిట్ నుంచే లెక్క మారిపోతుంది: తొలి 200 యూనిట్లకు 5.10, అక్కడి నుంచి 300 వరకు 7.70, 400 వరకు 9, 800 వరకు 9.50, ఆపైన 10 రూపాయలు. ఈ అంకెలను గుణించి చూస్తే, సరిగ్గా 200 యూనిట్లు కాల్చిన ఇంటికి ఎనర్జీ ఛార్జీ 820 రూపాయలు, 201 కాల్చిన ఇంటికి 1,027 రూపాయల 70 పైసలు. ఆ ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయల 70 పైసలన్నమాట. 2024 మార్చి నుంచి అమలవుతున్న గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల వరకు సున్నా బిల్లు పొందుతున్న కుటుంబానికైతే ఆ 201వ యూనిట్ మొత్తం బిల్లునే వెంటబెట్టుకుని వస్తుంది. మే నెలలో ఏసీ ఆపాలా వద్దా అని మధ్యతరగతి ఇళ్లలో జరిగే వాదనకు మూలం ఈ శ్లాబుల పట్టికే. దాన్ని ఖరారు చేసేది డిస్కం కాదు, మండలి. అదీ మన అభ్యంతరాలు విన్న తర్వాతే చేయాలని చట్టం చెబుతోంది.

ఈ వినడమే మండలి మనకు నేరుగా అందించే ప్రధాన సేవ. దాని పద్ధతి ఇలా ఉంటుంది. ఏప్రిల్ 1న మొదలయ్యే ఆర్థిక సంవత్సరానికి ఎంత ఆదాయం అవసరమో, దానిని ఏ వర్గం వినియోగదారుల నుంచి ఏ ధరకు రాబట్టదలచారో వివరిస్తూ డిస్కంలు అంతకు ముందు నవంబరు నెలాఖరులోగా మండలికి ప్రతిపాదనలు సమర్పించాలి. వార్షిక ఆదాయ అవసర నివేదికగా, పొట్టిగా ఏఆర్‌ఆర్‌గా, వ్యవహరించేది దీనినే. ఆ తర్వాత పత్రికల్లో ప్రకటన వస్తుంది. ఎవరైనా సరే, న్యాయవాది లేకుండా, తమ అభ్యంతరాలను రాసి డిస్కంకు పంపి, ప్రతిని మండలి కార్యదర్శికి అందజేయవచ్చు. స్వయంగా మాట్లాడదలచుకుంటే ఆ మాట కూడా అందులోనే రాయాలి. డిస్కం లిఖితపూర్వకంగా సమాధానం ఇవ్వాలి. అటు తర్వాత బహిరంగ విచారణ జరుగుతుంది. 2003 విద్యుత్ చట్టం 64వ సెక్షన్ ప్రకారం ప్రతిపాదన అందిన 120 రోజుల్లోగా మండలి ఉత్తర్వు ఇవ్వాలి.

మండలి కార్యాలయం ఒకప్పుడు రెడ్‌హిల్స్‌లోని సింగరేణి భవన్‌లో ఉండేది. ఇప్పుడు కళ్యాణ్‌నగర్ జీటీఎస్ కాలనీలో విద్యుత్ నియంత్రణ భవన్ పేరిట సొంత భవనం ఉంది. ఈఎస్‌ఐ ఆసుపత్రి దగ్గర మెట్రో దిగినవారు ఆటోలో సులభంగా చేరుకోవచ్చు. వేదిక మీద మండలి అధ్యక్షుడు, సభ్యులు కూర్చుంటారు; ఎదురుగా డిస్కం ఉన్నతాధికారులు ఉంటారు; పేరు పిలిచినప్పుడు వెళ్లి తెలుగులోనే మాట్లాడవచ్చు. నగరంలో ఒక గృహస్థు డిస్కం సీఎండీ ఎదుట నిలబడి, సిఫారసు ఉత్తరం లేకుండా, ఈ ఖర్చు ఎందుకు పెట్టారని అడిగి, ఆ ప్రశ్న రికార్డులోకి ఎక్కేలా చూసుకోగలిగిన చోటు నాకు తెలిసినంతలో ఇదొక్కటే. నీటి బిల్లుకు గాని, ఆస్తి పన్నుకు గాని ఇటువంటి వేదిక మనకు లేదు.

మాట్లాడి రావడంతో ఆ సేవ ముగిసిపోదు. మండలి ఇచ్చే ధరల ఉత్తర్వును తెరిచి చూస్తే అభ్యంతరం ఏమిటి, దానికి డిస్కం ఇచ్చిన సమాధానం ఏమిటి, మండలి అభిప్రాయం ఏమిటి అని అంశాల వారీగా రాసి ఉంటుంది. అభ్యంతరాలు పంపినవారి పేర్ల పట్టిక కూడా చివర ఉంటుంది. ఒప్పుకోని అభ్యంతరానికి సైతం ఎందుకు ఒప్పుకోలేదో కారణం దొరుకుతుంది. ఆ కారణం నచ్చనివారు ఢిల్లీలోని విద్యుత్ అప్పిలేట్ ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. ప్రభుత్వ కార్యాలయాల్లో మనం ఇచ్చే వినతిపత్రాలకు పట్టే గతి తెలిసినవారికి ఈ వరుస క్రమం విలువ వేరే చెప్పనక్కరలేదు.

ఫలితం ఉంటుందా అన్న ప్రశ్నకు 2024 ఉదాహరణ చాలు. ఆ ఏడాది నెలకు 300 యూనిట్లు దాటిన ఇళ్లకు ఫిక్స్‌డ్ ఛార్జీని కిలోవాట్‌కు 10 రూపాయల నుంచి 50 రూపాయలకు పెంచాలని డిస్కంలు కోరాయి. మాట ఫిక్స్‌డ్ ఛార్జీయే గాని, 5 కిలోవాట్ల మంజూరు లోడు ఉన్న ఇంటికి అది నెలకు 200 రూపాయల అదనపు భారం. అక్టోబరులో విచారణలు జరిపిన మండలి ఆ పెంపును 800 యూనిట్లు దాటిన వారికే పరిమితం చేసింది. వేర్వేరు వోల్టేజీల వద్ద కరెంటు తీసుకునే పరిశ్రమలకు ఒకే ధర ఉండాలన్న ప్రతిపాదననూ తోసిపుచ్చింది. ఈ నగరంలో 300కు, 800కు మధ్య ఎన్ని ఫ్లాట్లు ఉంటాయో వేసవి బిల్లులు చూసిన ఎవరికైనా తెలుసు. ఆ ఫ్లాట్లలో ఉండేవారిలో విచారణకు వెళ్లినవారు ఎందరన్నది వేరే సంగతి.

ఆ వేరే సంగతి దగ్గరే నా మొదటి అసంతృప్తి మొదలవుతుంది. విచారణల్లో తరచుగా వినిపించే గొంతులు కొన్నే. పరిశ్రమల సమాఖ్య ప్రతినిధులు వస్తారు, ఫెర్రో అల్లాయ్ కర్మాగారాలవారు వస్తారు, దక్షిణ మధ్య రైల్వే తన ట్రాక్షన్ ధర గురించి అడుగుతుంది, రైతు సంఘాలవారు వస్తారు. గృహ వినియోగదారుల తరఫున లెక్కలు విప్పి చెప్పేవారిలో సీనియర్ పాత్రికేయులు ఎం. వేణుగోపాలరావు గారు, విద్యుత్ నియంత్రణపై ప్రజా పర్యవేక్షణ బృందాన్ని నడిపే ఎం. తిమ్మారెడ్డి గారు ఉమ్మడి రాష్ట్రం నాటి నుంచి కనబడుతున్నారు. వారి ఓపికకు నమస్కరిస్తూనే చెప్పాలి: లక్షల మీటర్లున్న నగరం తరఫున వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మంది మాట్లాడవలసి రావడం సేవ రూపకల్పనలో ఉన్న లోపమే. విచారణ పనిదినాన, ఆఫీసు వేళల్లో జరుగుతుంది. ప్రతిపాదనలు వందల పేజీలు ఉంటాయి. వాటిలో ప్రధాన భాగమంతా ఇంగ్లీషులో, పట్టికలలో ఉంటుంది. విద్యుత్ కొనుగోలు ఖర్చు, ప్రసార నష్టాలు, ట్రూఅప్, క్రాస్ సబ్సిడీ వంటి మాటలు దాటుకుని 'నా బిల్లు ఎంత మారుతుంది' అన్న ఒక్క ప్రశ్నకు జవాబు వెతుక్కోవడం ఇంజినీరింగ్ చదివినవారికే కష్టం. పత్రికా ప్రకటన చట్టానికి సరిపోతుంది, చదువరికి సరిపోదు. నా మనవి పెద్దదేమీ కాదు: ప్రతి శ్లాబులో ఒక ఇంటి బిల్లు ఇప్పుడు ఎంత, ప్రతిపాదన అమలైతే ఎంత అని చూపే ఒక్క పేజీ తెలుగు పట్టికను డిస్కం బిల్లు వెనకే అచ్చు వేయించాలని మండలి ఆదేశించవచ్చు.

సకాలం అన్న గుణం కూడా ఈ సేవలో అన్ని వేళలా కనబడలేదు. 2019 జనవరి తర్వాత కొన్ని నెలల పాటు రాష్ట్రంలో మండలి ఖాళీగానే ఉండిపోయింది. 2018-19 ధరల ఉత్తర్వు తర్వాత డిస్కంలు వరుసగా కొన్నేళ్లు ప్రతిపాదనలే పెట్టకపోగా, 2022లో పెంపు ఒకేసారి వచ్చి పడింది. డిస్కం అడగకపోయినా ఆలస్యం చేస్తే నియంత్రణ మండలి తానే చొరవ తీసుకుని ధరలు నిర్ణయించాలని అప్పిలేట్ ట్రిబ్యునల్ 2011లోనే చెప్పి ఉంది. పెంచలేదు గదా, మంచిదే గదా అనుకోవడానికి వీల్లేదు. రాబట్టని ఖర్చు పోదు, వడ్డీతో సహా తర్వాతి ఏళ్ల ఖాతాలోకి జరుగుతుంది. ఈ పేరుకుపోయిన బకాయిలను ఏళ్ల తరబడి దొర్లించుకుంటూ పోరాదని, ఉన్నవాటిని నిర్ణీత గడువులోగా తీర్చాలని సుప్రీంకోర్టు 2025 ఆగస్టులో తీర్పు ఇచ్చింది. ఢిల్లీ డిస్కంల కేసులో వచ్చిన తీర్పు అయినా అది అన్ని రాష్ట్రాలకూ వర్తిస్తుంది.

మండలి స్వతంత్రంగా నిర్ణయిస్తుందా, ప్రభుత్వం చెప్పినట్టు నిర్ణయిస్తుందా అన్నది ఇంటింటా వినబడే సందేహం. చట్టం ఇక్కడ గీసిన గీత స్పష్టంగానే ఉంది. అసలు ఖర్చు లెక్కగట్టి ధర చెప్పడం మండలి పని. ఎవరికైనా తక్కువకు ఇవ్వాలనుకుంటే ఆ తేడాను సబ్సిడీగా ముందే చెల్లించడం 65వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ బాధ్యత. 2024-25కు ఆ మొత్తం సుమారు 11,500 కోట్ల రూపాయలు. అదే సమయంలో ప్రజా ప్రయోజనానికి సంబంధించిన విధాన విషయాల్లో ప్రభుత్వం ఇచ్చే ఆదేశాలను మండలి అనుసరించాలని 108వ సెక్షన్ చెబుతుంది. ఈ రెండు సెక్షన్ల మధ్య ఎంత గట్టిగా నిలబడతారన్నది సభ్యుల వ్యక్తిత్వాన్ని బట్టి ఉంటుంది.

హైదరాబాద్‌కు ఈ విషయం కొత్తది కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 1998 సంస్కరణ చట్టం కింద 1999లో నియంత్రణ మండలి ఏర్పడింది; విద్యుత్ బోర్డు విడిపోయింది; 2000లో వచ్చిన ధరల పెంపు మీద పెద్ద ఉద్యమం నడిచింది; ఆ ఏడాది ఆగస్టు 28న బషీర్‌బాగ్ వద్ద పోలీసు కాల్పుల్లో ఆందోళనకారులు ప్రాణాలు కోల్పోయారు. నేటికీ ఏటా అక్కడ స్మారక సభ జరుగుతుంది. యూనిట్ ధర అడగడానికి వీధికి వెళ్లనక్కరలేకుండా ఒక హాలు ఉండడం ఎంత అవసరమో ఆ తేదీ తెలిసినవారు తేలికగా తీసుకోలేరు. హాలు ఉన్నంత మాత్రాన కోపం చల్లారదని కూడా ఆ తేదీయే చెబుతుంది, ఎందుకంటే అప్పటికే మండలి ఉంది.

వ్యక్తిగత ఫిర్యాదుల విభాగం గురించి ఎక్కువ రాయను. బిల్లు తప్పు పడినా, మీటరు మార్చకపోయినా మొదట 1912 ఫోన్ నంబరుకు, అక్కడ తేలకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు, అక్కడా తేలకపోతే లుంబినీ పార్క్ సమీపంలోని విద్యుత్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. వేదికలో న్యాయవాది అవసరం లేదు. ఫ్యూజు పోయిన ఫిర్యాదును నిర్ణీత గంటల్లో సరిచేయకపోతే పరిహారం ఇవ్వాలని మండలి నిబంధనలున్నాయి. ఉండవలసిన మెట్లన్నీ ఉన్నాయి, వాటి గురించి బిల్లు మీద ఇంకాస్త పెద్ద అక్షరాలతో రాస్తే బాగుండేది.

ఇక ఈ సమీక్షలో నేను ఎక్కువ సేపు నిలవదలచుకున్న అంశానికి వస్తాను. ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారు, వారిని ఎవరు ఎంచుతారు? మండలిలో అధ్యక్షునితో కలిపి ముగ్గురికి మించకూడదు. పదవీకాలం ఐదేళ్లు, వయసు 65 దాటకూడదు, అదే పదవిలో మళ్లీ నియమించడానికి వీల్లేదు. ఎంపిక కమిటీకి హైకోర్టు న్యాయమూర్తిగా పనిచేసినవారు అధ్యక్షత వహిస్తారు. రాష్ట్ర ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి ఒక సభ్యుడు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ లేదా కేంద్ర నియంత్రణ మండలి అధ్యక్షుడు మరొక సభ్యుడు. పదవీకాలం ముగియడానికి ఆరు నెలల ముందే ప్రభుత్వం ఖాళీని కమిటీకి నివేదించాలి, మూడు నెలల్లో కమిటీ ఎంపిక పూర్తి చేయాలి. హైకోర్టు న్యాయమూర్తిగా ఉన్న లేదా పనిచేసిన వారిని అధ్యక్షునిగా నియమించేటప్పుడు ఈ కమిటీ అక్కరలేదు. మండలిలో న్యాయ పరిజ్ఞానం గల సభ్యుడు ఒకరు తప్పనిసరిగా ఉండాలని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. ఇంతవరకూ పద్ధతి బాగానే ఉంది. ఈ ఎంపిక పద్ధతి చెప్పే విద్యుత్ చట్టం 85వ సెక్షన్‌లోనే మరొక మాట ఉంది: ప్రతి ఖాళీకీ కమిటీ రెండు పేర్లు సిఫారసు చేయాలి. ఆ రెండింటిలో ఒకదానిని ప్రభుత్వం ఎంచుకుంటుంది.

ఆ రెండో పేరు ఎవరిదో మనకు తెలియజేయరు. మొదటి పేరు కూడా ఉత్తర్వు వెలువడిన మర్నాడు పత్రికలో చదివితేనే తెలుస్తుంది. వారు విద్యుత్ సంస్థలో పనిచేశారా, ఖజానా శాఖ నుంచి వచ్చారా అన్న రెండు వాక్యాల పరిచయం తప్ప, 200 యూనిట్ల దగ్గర ఉన్న ఆ 207 రూపాయల మెట్టు గురించి వారి అభిప్రాయం ఏమిటో, డిస్కం ఆలస్యంగా వస్తే ఏం చేస్తారో, ప్రభుత్వం సబ్సిడీ బకాయి పెడితే ఏమంటారో ఎవరూ అడగరు, వారూ చెప్పరు.

పోల్చి చూడడానికి అమెరికాలోని జార్జియా రాష్ట్రం పనికివస్తుంది. మా మేనల్లుడి కుటుంబం అట్లాంటాకు ఉత్తరాన కమ్మింగ్ అనే ఊళ్లో ఉంటుంది. ఆ చుట్టుపక్కల తెలుగువారు ఎక్కువ. అక్కడి విద్యుత్ నియంత్రణ మండలికి ఐదుగురు సభ్యులు, వారిని ప్రజలే ఓటు వేసి ఎన్నుకుంటారు. ఇటువంటి పద్ధతి అమెరికాలో అన్ని రాష్ట్రాలదీ కాదు. ఒక పది రాష్ట్రాల్లో ఉంది, తక్కిన చాలా చోట్ల గవర్నరు నియమిస్తాడు. ఓటు హక్కుపై నడిచిన ఒక వ్యాజ్యం కారణంగా జార్జియాలో 2022లో జరగవలసిన ఎన్నికలు ఆగిపోయి, 2025లో రెండు స్థానాలకు జరిగాయి. మూడో జిల్లా స్థానానికి డెమొక్రాట్ల అభ్యర్థిని తేల్చే ప్రైమరీ జూన్ 17న జరిగింది. ముగ్గురు పోటీలో మిగలగా ఎవరికీ సగానికి మించి ఓట్లు రాలేదు. అక్కడి నిబంధన ప్రకారం మొదటి ఇద్దరి మధ్య జూలై 15న మళ్లీ పోలింగ్ పెట్టారు. రనాఫ్ అనేది దీనినే.

ఆ ఇద్దరిలో ఒకరు కీషా వెయిట్స్. రాష్ట్ర శాసనసభలోనూ, అట్లాంటా నగర మండలిలోనూ పనిచేసిన అనుభవం ఉన్న నాయకురాలు, మొదటి విడతలో ముందున్నది ఆమే. రెండో వ్యక్తి పీటర్ హబ్బర్డ్. జార్జియా పవర్ సంస్థ దీర్ఘకాలిక ప్రణాళికలపై జరిగే విచారణలకు హాజరై, సౌర విద్యుత్తు, బ్యాటరీలు చౌక అని వాదిస్తూ నిపుణునిగా సాక్ష్యం చెబుతూ వచ్చిన మనిషి. రనాఫ్‌లో హబ్బర్డ్ గెలిచారు. నవంబరు 4న అప్పటి సభ్యుడు, రిపబ్లికన్ అభ్యర్థి ఫిట్జ్ జాన్సన్‌పై 60 శాతానికి పైగా ఓట్లతో నెగ్గారు. రెండో జిల్లాలో అలీషా జాన్సన్ కూడా అదే తీరున టిమ్ ఎకల్స్‌పై గెలిచారు. మన భాషలో చెప్పాలంటే, ఏటా అభ్యంతరాలు పట్టుకుని కళ్యాణ్‌నగర్‌కు వచ్చే మనిషి వేదిక ఎక్కి కూర్చున్నట్టు. మన పద్ధతిలో దానికి చట్టపరమైన అడ్డంకి లేదు గాని, విద్యుత్ సంస్థల్లోనో ప్రభుత్వంలోనో పనిచేసి విశ్రాంతి పొందినవారి వరుసను దాటి కమిటీ చూపు అంత దూరం పోవడం అరుదు.

ఆ ప్రచారం వినియోగదారునికి ఏమి ఇచ్చిందని అడిగితే, నా దృష్టిలో ముఖ్యమైనది ఒకటే. బిల్లు ఎందుకు పెరిగిందో మామూలు మాటల్లో చెప్పక తప్పని పరిస్థితి అభ్యర్థులకు వచ్చింది. వోగల్ అణు విద్యుత్ కేంద్రంలో మూడో, నాలుగో యూనిట్లు ఏడేళ్లు ఆలస్యంగా 2023లో, 2024లో నడక మొదలుపెట్టాయి. ఖర్చు 3,000 కోట్ల డాలర్లు దాటింది. ఆ భారం బిల్లుల్లోకి వచ్చింది. డేటా కేంద్రాల కోసం కొత్తగా కట్టే విద్యుత్ కేంద్రాల ఖర్చు ఎవరు మోయాలన్నది రెండో ప్రశ్న. ఇవన్నీ మండలి దస్త్రాల్లో ఎప్పటి నుంచో ఉన్న సంగతులే. దస్త్రంలోంచి వీధిలోకి తెచ్చింది ప్రచారం. యాదాద్రి, భద్రాద్రి విద్యుత్ కేంద్రాల ఖర్చు మన ధరలోకి ఎంత వస్తుందో, డేటా కేంద్రాలు వరుసకట్టి వస్తున్న హైదరాబాద్‌లో ఆ లోడుకు కట్టే సబ్‌స్టేషన్ల ఖర్చు ఎవరి ఖాతాలో పడుతుందో ఇంత సూటిగా మనకు చెప్పిన మండలి సభ్యుడిని నేను ఇంకా చూడలేదు.

అలాగని ఎన్నికలు తెచ్చుకుందామని నేను అనను. మేనల్లుడు ఫోనులో చెప్పిన ఒక్క మాటే దానికి చాలు. "మామయ్యా, మా ఇంటి కరెంటు సహకార సంస్థది. ఆ రేటు వీళ్ల చేతిలో లేదు, ఓటు మాత్రం మా చేతిలో ఉంది" అన్నాడు. నిజమే. జార్జియాలోని గ్రామీణ సహకార విద్యుత్ సంస్థలు, పురపాలక సంస్థలు తమ ధరలను తామే నిర్ణయించుకుంటాయి. మండలి ధర నిర్ణయించే ప్రధాన సంస్థ జార్జియా పవర్. ఓటు మాత్రం రాష్ట్రమంతటిదీ. పైగా నడి వేసవిలో, ఒకే పదవి కోసం పెట్టిన రనాఫ్‌కు వచ్చి ఓటు వేసినవారు చాలా తక్కువ. గెలిచిన హబ్బర్డ్‌కు దక్కింది కూడా కుదించిన పదవీకాలమే, 2026లో మళ్లీ ప్రజల ముందుకు వెళ్లాలి. ధర తగ్గిస్తానని మాట ఇచ్చిన మనిషి, రేపు అదే ధర మీద న్యాయమూర్తిలా కూర్చుని ఇరుపక్షాల వాదన వినాలి. ఆ రెండు పాత్రలు ఒక ఒరలో ఇమిడే కత్తులు కావు. ప్రచారానికి డబ్బు కావాలి, ఆ డబ్బు ఎవరిస్తారన్నది మన దేశంలో అడగనే అక్కరలేదు. టెక్సాస్‌లో చమురు, గ్యాసు పరిశ్రమను నియంత్రించే సంస్థ పేరు ఈనాటికీ రైల్‌రోడ్ కమిషన్. రైళ్లతో దానికి 2005 నుంచి ఏ సంబంధమూ లేదు. ఆ సంస్థ సభ్యుని ఎన్నికకు 2022లో రిపబ్లికన్ ప్రైమరీ రనాఫ్ దాకా వెళ్లింది, చివరకు అప్పటికే పదవిలో ఉన్న వేన్ క్రిస్టియన్ గెలిచారు. ఎన్నిక పెట్టినంత మాత్రాన కుర్చీలో మనిషి మారుతాడన్న హామీ లేదని ఆ ఫలితం చూపుతుంది. కార్పొరేటర్ ఎన్నికకే సగం మంది గడప దాటని ఈ నగరంలో ఈఆర్‌సీ సభ్యుని ఎన్నికకు ఎవరు క్యూ కడతారో ఊహించుకోవచ్చు.

కనుక నేను మార్కులు వేయవలసి వస్తే, బహిరంగ విచారణకు ఐదులో నాలుగు వేస్తాను. ఆ తగ్గించిన ఒకటి భాషకూ, వేళకూ. ఫిర్యాదుల వేదికలకు మూడు. సభ్యుల ఎంపికకు ఒకటి, అది కూడా కమిటీ నిర్మాణం చూసి వేసింది. ధర నిర్ణయించే ప్రతి అడుగులోనూ ప్రకటన, అభ్యంతరం, సమాధానం, కారణం ఉండాలని పట్టుబట్టిన చట్టమే, ఆ ధర నిర్ణయించే మనిషిని ఎంచుకునే చోట ఒక్క అభ్యంతరానికి కూడా తావు ఉంచలేదు. జార్జియా రనాఫ్‌లో నాకు నచ్చిన భాగాన్ని ఓటు లేకుండానే ఇక్కడికి తెచ్చుకోవచ్చు. కమిటీ సిఫారసు చేసిన ఇద్దరి పేర్లను, వారి పూర్వ ఉద్యోగాలను, విద్యుత్ సంస్థలతో వారికి ఉన్న ఆర్థిక సంబంధాల వివరాలను నియామకానికి ముందు ప్రకటించాలి. ఆర్థిక ప్రయోజనాలు లేవని కమిటీ ఎలాగూ తృప్తి చెందాలని చట్టంలో ఉంది గనుక ఆ వివరాలు కమిటీ దగ్గర ఉండే తీరాలి. ఆ ఇద్దరినీ ఒక రోజు విచారణ హాలులోనే కూర్చోబెట్టి, ధరల విచారణకు వచ్చేవారే ప్రశ్నలు అడిగే వీలు కల్పించాలి. వారు ధర తగ్గిస్తామని మాట ఇవ్వనక్కరలేదు, ఇవ్వకూడదు కూడా. లెక్కను ఎలా చూస్తారో చెబితే చాలు. 85వ సెక్షన్‌లో రెండు పేర్లను దాచమని ఎక్కడా లేదు, అందువల్ల దీనికి పార్లమెంటు దాకా వెళ్లే పని లేదు, రాష్ట్ర ప్రభుత్వ ఉత్తర్వు ఒకటి సరిపోతుంది.

వెళ్లదలచిన వారికి రెండు మాటలు. డిసెంబరు మొదటి వారం నుంచి పత్రికల్లో ఏఆర్‌ఆర్ ప్రకటన కోసం చూస్తూ ఉండండి. డిస్కం ఆలస్యం చేస్తే ప్రకటన కూడా వెనక్కి జరుగుతుంది, 2024లో అది శరదృతువులో వచ్చింది. అభ్యంతరం ఒక పేజీలో తెలుగులో రాసినా చాలు. 'పేదల మీద భారం వేయవద్దు' అని రాస్తే ఉత్తర్వులో ఒక వాక్యంతో సరిపెడతారు. 200 నుంచి 201కి మారినప్పుడు 207.70 రూపాయలు పెరగడం న్యాయమా, ఆ మెట్టును ఎందుకు వాలుగా మార్చరాదు అని అంకెతో అడిగితే డిస్కం అంకెతోనే సమాధానం చెప్పవలసి ఉంటుంది. అపార్ట్‌మెంట్ సంఘం తరఫున వెళ్తే గత 12 నెలల బిల్లుల ప్రతులు, డిస్కంకు పంపిన అభ్యంతరం అందినట్టు రసీదు వెంట ఉంచుకోండి. మాట్లాడే సమయం కొన్ని నిమిషాలే ఉంటుంది, కాబట్టి సభ్యుల ఎంపిక గురించిన మనవిని ఆ నిమిషాల్లో కలపకండి. అది మండలి చేతిలోని విషయం కాదు, దానిని ఇంధన శాఖ ముఖ్య కార్యదర్శికి వేరే కాగితం మీద రాసి పంపాలి.